రోబో కన్ను, ఆరో పాఠం: హాలు వెలుతురుకు కెమెరాను సర్దడం

ఈ పాఠంలో బంతి ఎంత దూరంలో ఉందో కొలవడం నేర్చుకోవాల్సింది. దాన్ని ఏడో పాఠానికి జరుపుతున్నాను. ఐదో పాఠం చదివి ఎర్ర బంతికీ ఆకుపచ్చ బంతికీ మాస్కులు, అంటే బంతి రంగున్న చుక్కలను మాత్రమే తెల్లగా చూపే నలుపు తెలుపు చిత్రాలు, తయారుచేసుకున్నవారిలో చాలామంది అదే ప్రోగ్రాముతో పోటీలకు వెళ్లారు, వెళ్లినచోట దెబ్బతిన్నారు. “సార్, ఇంట్లో బాగానే పట్టింది” అన్న వాక్యం లేని ఉత్తరం ఒక్కటీ రాలేదు. ఇంట్లో పట్టినది హాలులో ఎందుకు పట్టలేదో తేల్చుకోకుండా దూరం లెక్కల్లోకి వెళ్తే ఆ లెక్కలూ తప్పుతాయి.

వచ్చిన ఫిర్యాదులు ఇవి. జగిత్యాల నుంచి ఒక డిప్లొమా విద్యార్థి పంపిన మాస్కులో ఎర్ర బంతి గారెలా ఉంది, మధ్యలో చిల్లు పడి. కరీంనగర్ జట్టు రోబో మొదట చక్కగా నడిచి, ఎదుటి జట్టువాళ్లు తెల్ల టీషర్టులతో అరీనా అంచున వచ్చి నిలబడగానే బంతిని పోగొట్టుకుంది. మంచిర్యాలలో షామియానా కింద జరిగిన పోటీలో చిత్రం మీద నల్లటి పట్టీలు పైనుంచి కిందికి పాకాయి. హనుమకొండ నుంచి రాసిన అమ్మాయి ఎరుపు సరిగా దొరకడం లేదని హ్యూ (రంగు ఏదో చెప్పే అంకె) రేంజి పై హద్దును 10 నుంచి 25కి పెంచింది. అప్పుడు ఎర్ర బంతితో పాటు నారింజ బంతి, బంతులు సర్దుతున్న రిఫరీ చెయ్యి కూడా మాస్కులోకి వచ్చాయట.

నాలుగూ వేరువేరు జబ్బుల్లా కనిపిస్తాయి. నాలుగింటిలోనూ జరిగింది మాత్రం ఒకటే. కెమెరా తన ఇష్టం వచ్చినట్టు మారుతూ ఉంటే, దాని వెంట మీరు అంకెలు మారుస్తూ పోయారు. ముందు కెమెరాను కట్టేయాలి, ఆ తర్వాతే అంకెల జోలికి పోవాలి. ఈ పాఠమంతా ఆ వరుస గురించే.

ఐదో పాఠంలో ఎరుపుకు 0 నుంచి 10 అనీ, 170 నుంచి 179 అనీ రాశాను. అవి ఒక బల్ల మీద, ఒక ట్యూబులైటు కింద, ఒక ప్లాస్టిక్ బంతికి వచ్చిన అంకెలని అక్కడే చెప్పాను. అంకెలు రాబట్టే పద్ధతి చూపించడానికి ఇచ్చినవి అవి. వాటిని అలాగే ఎత్తి రాసుకున్నవారు ఈ పాఠం మొదలుపెట్టే ముందే చెరిపేయండి. ఓపెన్‌సీవీ అనే చిత్రాల లైబ్రరీని ఎక్కించడం, కెమెరా తెరవడం, చిత్రాన్ని హెచ్‌ఎస్‌వీలోకి, అంటే హ్యూ (రంగు), శాచురేషన్ (రంగు గాఢత), వాల్యూ (వెలుగు) అనే మూడు అంకెల్లోకి, మార్చడం మళ్లీ చెప్పను. ఓపెన్‌సీవీలో హ్యూ 0 నుంచి 179 వరకే ఉంటుందనీ, ఎరుపు ఆ వరుసకు రెండు చివరలా ఉంటుందనీ గుర్తుంటే చాలు.

కెమెరాను కట్టేయడం

వెబ్‌క్యామ్‌ను వీడియో కాల్ కోసం తయారుచేస్తారు. గదిలో వెలుతురు ఎలా ఉన్నా మనిషి ముఖం బాగా కనపడాలి. అందుకోసం అది మూడు పనులు తనంతట తానే చేస్తూ ఉంటుంది. ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు వెలుతురు పట్టాలో నిర్ణయిస్తుంది, అది ఎక్స్‌పోజరు. వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచాలో చూసుకుంటుంది, అది గెయిన్. ఆ వెలుతురులో తెల్లగా ఉన్నది ఏదో ఊహించి రంగులన్నింటినీ దిద్దుతుంది, అది వైట్ బ్యాలెన్స్. వీడియో కాల్‌కు ఇవి వరాలు. రంగును బట్టి బంతిని గుర్తించే రోబోకు ఇవే శత్రువులు. కరీంనగర్ రోబోకు జరిగింది ఇదే. తెల్ల టీషర్టులు ఫ్రేములోకి రాగానే కెమెరా చిత్రం మరీ వెలుగుగా ఉందనుకుని ఎక్స్‌పోజరు తగ్గించింది, బంతి వాల్యూ మాస్కు కింది హద్దు దాటి పడిపోయింది.

ఆటోలు ఆపేశామని చాలామంది రాశారు. వారు పంపిన వీడియోలు చూస్తే ఆగలేదని తెలుస్తూనే ఉంది. ఆపామన్న నమ్మకం సరిపోదు, పరీక్షించి చూడాలి. దానికి ఒక తెల్ల కాగితం చాలు. కెమెరాను కదలకుండా నిలబెట్టి, ఫ్రేములో కుడివైపు బంతిని పెట్టండి. ఎడమవైపు నుంచి తెల్ల కాగితాన్ని మెల్లగా తోస్తూ సగం ఫ్రేము నింపండి. కాగితాన్ని చూడవద్దు, బంతి మీద ఒకే చోట వాల్యూ ఎంత ఉందో చదవండి. కాగితం లేనప్పుడు 180 ఉండి, వచ్చిన ఒకటి రెండు సెకన్లలో 120కి దిగితే ఎక్స్‌పోజరో గెయినో ఇంకా ఆటోలోనే ఉంది. ఆ తర్వాత కాగితం తీసేసి, అదే చోట పెద్ద ఎర్ర గుడ్డ పెట్టి, ఈసారి వెనకనున్న తెల్ల గోడ అంకెలు చదవండి. గోడ మెల్లగా నీలి ఆకుపచ్చ వైపు జరిగితే వైట్ బ్యాలెన్స్ ఆగలేదన్నమాట. రెండు పరీక్షల్లోనూ అంకెలు రెండు మూడు పాయింట్లకు మించి కదలకూడదు.

ఆగకపోవడానికి నాకు ఎక్కువగా కనిపించిన కారణం ఒకటుంది. లైనక్స్‌లో వీ4ఎల్2 పనిముట్టుతో కెమెరా కంట్రోళ్లు మార్చేటప్పుడు వైట్ బ్యాలెన్స్ ఆటోకు 0 ఇస్తే అది ఆగుతుంది. అదే అలవాటుతో ఆటో ఎక్స్‌పోజరుకు కూడా 0 ఇస్తారు. ఆ జాబితాలో 0 అంటే పూర్తి ఆటో, 1 అంటే మాన్యువల్, 3 అంటే వెబ్‌క్యామ్‌లు మామూలుగా నడిచే ఆటో పద్ధతి. మీకు కావలసింది 1. వెలుతురు తగ్గినప్పుడు ఫ్రేముల వేగాన్ని తగ్గించే కంట్రోలు మరొకటి ఉంటుంది, దాన్నీ ఆపండి. లాజిటెక్ సీ920 వాడుతున్నవారు ఆటో ఫోకస్ కూడా ఆపాలి. సీ270లో ఫోకస్ స్థిరంగానే ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు.

కెమెరా తీగ ఊడదీసి మళ్లీ పెడితే ఇవన్నీ మొదటికి వస్తాయి. అందుకే ఒకసారి టెర్మినల్‌లో సర్ది వదిలేయకండి. ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ కెమెరా తెరుచుకున్న తర్వాత ఈ విలువలన్నీ పంపాలి, పంపాక వెనక్కి చదివి చూడాలి, పంపినది ఒకటి వచ్చినది మరొకటి అయితే రోబో కదలకుండా ఆగిపోవాలి. నా విద్యార్థులెవరి ప్రోగ్రాములోనైనా ఈ తనిఖీ లేకపోతే నేను ముందుకు చదవను.

పట్టీలు

మంచిర్యాల ఫిర్యాదుకు కారణం సరళమైనదే. మన కరెంటు 50 హెర్ట్జ్. దీపం వెలుగు ఒక్కో చక్రంలో రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది కాబట్టి సెకనుకు 100 సార్లు, అంటే 10 మిల్లీసెకన్లకు ఒకసారి మినుకుతుంది. మన కంటికి అది తెలియదు. మామూలు వెబ్‌క్యామ్ సెన్సరు ఫ్రేమునంతా ఒకేసారి పట్టదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటిగా పడుతుంది. ఎక్స్‌పోజరు 10 మిల్లీసెకన్లకు సరైన గుణిజం కాకపోతే ఒక వరుసకు వెలుగు హెచ్చినప్పటి భాగం, ఇంకో వరుసకు తగ్గినప్పటి భాగం ఎక్కువగా అందుతాయి. అవే పట్టీలు. చాలా వెబ్‌క్యామ్‌లు అమెరికా కరెంటుకు తగ్గట్టు 60 హెర్ట్జ్‌కు సర్ది వస్తాయి. పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ అనే కంట్రోలులో 1 అంటే 50, 2 అంటే 60. దాన్ని 1కి మార్చండి. మాన్యువల్ ఎక్స్‌పోజరులో ఆ కంట్రోలును నమ్ముకోకుండా, ఎక్స్‌పోజరును మీరే 10 లేదా 20 మిల్లీసెకన్లకు పెట్టండి. వీ4ఎల్2లో ఎక్స్‌పోజరు కొలత 100 మైక్రోసెకన్లు కాబట్టి 10 మిల్లీసెకన్లకు 100 అని రాయాలి. రాస్ప్‌బెర్రీ పై కెమెరాకు నేరుగా మైక్రోసెకన్లలో 10000 ఇవ్వాలి.

విండోస్‌లో మాత్రం డైరెక్ట్‌షో ద్వారా ఇచ్చే ఎక్స్‌పోజరు ఒక్కో మెట్టుకు రెండింతలో సగమో అవుతుంది. మైనస్ 7 అంటే సెకనులో 128వ వంతు, దాదాపు 7.8 మిల్లీసెకన్లు. మైనస్ 6 అంటే 64వ వంతు, దాదాపు 15.6. రెండింటి మధ్య 10 దొరకదు. రోబో మీద కూర్చునే కంప్యూటరుకు నేను లైనక్స్ తప్ప మరొకటి ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

మరి 10 కావాలా, 20 కావాలా? టేబుల్ టెన్నిస్ బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు. రోబో సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతుంటే 10 మిల్లీసెకన్లలో ఒక సెంటీమీటరు, 20లో రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే 20 దగ్గర సగం బంతి మేర అలుక్కుపోతుంది, అంచుల్లో బంతి రంగు నేల రంగుతో కలిసి మూడో రంగు పుడుతుంది. నేను 10 మిల్లీసెకన్లే వాడతాను. నిలబడి చూసి, ఆ తర్వాత కదిలే రోబో అయితే 20 పరవాలేదు.

షామియానా కింద జనరేటరు మీద వెలిగే దీపాలతో ఇంకో చిక్కుంది. జనరేటరు కచ్చితంగా 50 దగ్గర నిలవదు, లోడు తక్కువగా ఉన్నప్పుడు కాస్త వేగంగా తిరుగుతుంది. 52 హెర్ట్జ్ అయితే మినుకుడు సెకనుకు 104 సార్లు, అంటే 9.6 మిల్లీసెకన్లకు ఒకసారి. 10 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజరుతో పలుచని పట్టీ మిగులుతుంది. అది మాస్కును పాడుచేసేంత ఉండదు కానీ వాల్యూ కింది హద్దును కొంచెం వదులుగా ఉంచుకోవాలి.

హాలులోకి వెళ్లగానే ఏ దీపాలు మినుకుతున్నాయో తెలుసుకోవడానికి ఎక్స్‌పోజరును ఒక మిల్లీసెకనుకు దించి తెల్ల గోడ వైపు చూపించండి. చిత్రం చీకటిగా ఉంటుంది, ఫరవాలేదు. రెండు మూడు వెడల్పాటి పట్టీలు కనిపిస్తే అది కరెంటు మినుకుడు, 10 మిల్లీసెకన్లతో పోతుంది. సన్నని పట్టీలు దట్టంగా కనిపిస్తే అవి స్టేజీ మీది రంగుల ఎల్‌ఈడీల పని. వాటి వెలుగును తగ్గించడానికి వేగంగా ఆర్పి వెలిగిస్తుంటారు. పట్టీలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే 10 మిల్లీసెకన్లలో చాలా చక్రాలు ఇమిడిపోయి సగటు కుదురుతుంది. పట్టీలే లేకపోతే హాలు దీపాలకు మంచి డ్రైవర్లు (దీపానికి కరెంటును నిలకడగా అందించే పరికరాలు) ఉన్నాయన్నమాట.

కాలిపోయిన ఎరుపు

ఇక జగిత్యాల చిల్లు, హనుమకొండ నారింజ. ఈ రెండూ ఒకే కారణం నుంచి వచ్చాయి. ఎక్కువమంది జట్లు ఓడిపోతున్నది దీనివల్లే కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

హ్యూ వెలుతురు మీద ఆధారపడదని మీరు చదివి ఉంటారు. అందుకేగా హెచ్‌ఎస్‌వీ వాడుతున్నాం అని కూడా కొందరు రాశారు. ఆ మాట ఒక హద్దు వరకే నిజం. ఒక ఎర్ర బంతి మీద ఒక చుక్క తీసుకుందాం. ఎరుపు 200, ఆకుపచ్చ 60, నీలం 30. హ్యూ లెక్కకు ఆకుపచ్చలోంచి నీలం తీసేయండి, 30. గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేయండి, 170. 30ని 170తో భాగించి 60తో గుణిస్తే సుమారు 10.6 డిగ్రీలు. ఓపెన్‌సీవీ సగం చేసి రాస్తుంది కాబట్టి 5.

వెలుతురు సగానికి తగ్గింది అనుకోండి. 100, 30, 15. ఇప్పుడు 15ని 85తో భాగించాలి, జవాబు మళ్లీ అదే, 5. బంతి మసకబారినా హ్యూ కదల్లేదు. పుస్తకాలు చెప్పే మాట ఇక్కడ నిజమే.

వెలుతురు రెట్టింపు అయ్యింది అనుకోండి. 400, 120, 60 రావాలి. కానీ 255కు మించి రాయడానికి చోటు లేదు. ఎరుపు 255 దగ్గర ఆగిపోతుంది, ఆకుపచ్చ, నీలం మాత్రం పెరుగుతూనే ఉంటాయి. 255, 120, 60. తేడా 60, దాన్ని 195తో భాగించి 60తో గుణిస్తే 18.5 డిగ్రీలు, ఓపెన్‌సీవీలో 9. మూడింతలు చేయండి. 255, 180, 90. ఇప్పుడు 32.7 డిగ్రీలు, ఓపెన్‌సీవీలో 16.

ఇప్పుడు నారింజ బంతిని మామూలు వెలుతురులో చూద్దాం. 230, 110, 20. లెక్క చేస్తే 25.7 డిగ్రీలు, ఓపెన్‌సీవీలో దాదాపు 13. చూశారా? కాలిపోయిన ఎర్ర బంతి 16, మామూలు నారింజ బంతి 13. ఎర్ర బంతి నారింజను దాటి పసుపు వైపు వెళ్లిపోయింది. వాటి మధ్య గీత గీయడానికి రేంజిలో చోటే లేదు. హనుమకొండ అమ్మాయి 25 దాకా పెంచినప్పుడు ఎర్ర బంతి దొరికిందన్న మాట నిజమే, నారింజ రావడమూ అంతే నిజం. మనిషి చర్మం హ్యూ కూడా ఆ ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి రిఫరీ చెయ్యి వచ్చింది. అంకెలు ఎంత తెలివిగా ఎంచుకున్నా ఇక్కడ దారి లేదు. పోయిన సమాచారం పోయినట్టే, 255 దగ్గర నరికేసిన ఎరుపు ఎంత ఉండేదో కెమెరా మీకు చెప్పలేదు.

పసుపు బంతితో కూడా చూడండి. 220, 180, 30 అంటే ఓపెన్‌సీవీలో దాదాపు 24. రెట్టింపు వెలుతురులో ఎరుపు, ఆకుపచ్చ రెండూ 255 దగ్గర ఆగి 255, 255, 60 అవుతాయి, హ్యూ సరిగ్గా 30. ముదురు పసుపూ లేత పసుపూ రెండూ 30 దగ్గర కుప్పపడతాయి. ఇంకా వెలుతురు పెరిగితే మూడూ 255 అయి శాచురేషన్ సున్నా అవుతుంది, బంతి తెల్లబడుతుంది. జగిత్యాల మాస్కులో మధ్య చిల్లు అదే. పైనున్న ఫోకస్ లైటు బంతి నడినెత్తిన పడి అక్కడ ఎరుపు తెలుపైపోయింది, చుట్టూ ఉన్న అంచు మాత్రమే ఎర్రగా మిగిలింది. అసలు కెమెరాల్లో గామా దిద్దుబాటు (వెలుగుకూ అంకెకూ ఉన్న నిష్పత్తిని వంచడం) ఉంటుంది కాబట్టి అంకెలు ఇంత సాఫీగా రెట్టింపు కావు, జరిగే దిశ మాత్రం ఇదే.

అందుకే నా నియమం ఇది. అరీనాలో అన్నింటికన్నా ఎక్కువ వెలుగు పడే చోట బంతిని పెట్టినప్పుడు దానిలో ఏ చానెలూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో ఏదీ) 230 దాటకూడదు. నిగనిగలాడే బంతి మీద దీపం ప్రతిబింబించే చిన్న చుక్కను లెక్కలోకి తీసుకోవద్దు, చుట్టుపక్కల ఉన్న రంగునే చూడండి. 230 దాటితే ముందు గెయిన్ తగ్గించండి. గెయిన్ అట్టడుగుకు వచ్చినా ఇంకా దాటుతుంటే ఎక్స్‌పోజరును 10 కింద తగ్గించాలని చెయ్యి లాగుతుంది. తగ్గించవద్దు, పట్టీలు తిరిగొస్తాయి. నేను కారు అద్దాలకు వేసే నల్లటి సన్ ఫిల్మ్ ముక్క ఒకటి లెన్సు ముందు అంటిస్తాను. ఏ కారు అలంకరణ దుకాణంలోనైనా కత్తిరించగా మిగిలిన ముక్కలు ఇస్తారు. కాస్త రంగు అంటుకున్న ఫిల్మ్ అయినా ఫరవాలేదు, వైట్ బ్యాలెన్స్ దాని తర్వాతే సర్దుతాం కాబట్టి.

అటువైపు హద్దూ చూడండి. అరీనాలో చీకటి మూలలో బంతి వాల్యూ 50కి తగ్గకూడదు. తగ్గితే రంగుల లెక్కలో గింజల్లాంటి మచ్చలు పెరిగి మాస్కు చిరిగిపోతుంది. వెలుగు చోటుకూ చీకటి మూలకూ తేడా మరీ ఎక్కువై రెండూ ఒకే ఎక్స్‌పోజరులో ఇమడకపోతే, బంతులు మొదట పేర్చి ఉండే చోటుకు సర్దండి. చీకటి మూలకు పోయిన ఒక బంతిని వదులుకోవచ్చు, నడి మైదానంలో నారింజను ఎరుపుగా పొరబడితే మ్యాచే పోతుంది.

ఈ పని అంతా అయ్యాక రేంజి బిగించండి. వదులు చేయాలనిపించిన ప్రతిసారీ ఆగి, మొదట ఆ బంతి మీద మూడు చానెళ్ల అంకెలు చదవండి. 255 కనిపిస్తే తప్పు రేంజిలో లేదు.

తెలుపు ఎక్కడుందో చెప్పడం

వైట్ బ్యాలెన్స్‌కు ఎక్కువ మాటలు అక్కరలేదు. బంతులు ఉండే చోట, అదే వెలుతురులో ఒక బూడిదరంగు అట్ట పెట్టి, మూడు చానెళ్ల సగటులు ఐదు పాయింట్ల తేడాలోకి వచ్చేదాకా వైట్ బ్యాలెన్స్ విలువను జరపండి, అక్కడ ఆపండి. తెల్ల ప్రింటు కాగితం వాడవద్దు. దాన్ని తెల్లగా చూపించడానికి కలిపే పదార్థాలు పగటి వెలుతురులోని అతినీల కిరణాలకు నీలంగా మెరుస్తాయి, ఎల్‌ఈడీ కింద అంతగా మెరవవు. పుస్తకాలకు వేసే బూడిదరంగు మొద్దు అట్ట మేలు.

షామియానా విషయం వేరు. ఎరుపు, పసుపు గుడ్డ గుండా దిగే ఎండలో నీలం చాలా తక్కువ మిగులుతుంది. తెల్ల బంతి కూడా నారింజలా కనిపిస్తుంది. అట్టతో సర్దితే కెమెరా నీలాన్ని బలవంతంగా పెంచి చిత్రాన్ని మచ్చలమయం చేస్తుంది. అటువంటి చోట హ్యూ ఒక్కదాని మీద ఆధారపడకుండా శాచురేషన్ హద్దు కూడా జాగ్రత్తగా పెట్టండి. కింద పరిచిన ఎర్ర తివాచీ నుంచి లేచే వెలుగు బంతి కింది సగానికి ఎరుపు పూస్తుంది, దాన్ని కూడా చూసుకోండి.

మన జిల్లాల్లోని హాళ్లలో ఇంకో మూడు దీపాలు తగులుతాయి. చవక ఎల్‌ఈడీల వెలుగులో ముదురు ఎరుపు భాగం తక్కువ, ఎర్ర బంతి నల్లబడినట్టు ఉంటుంది. పాత ఇండోర్ హాళ్లలోని మెటల్ హాలైడ్ దీపాలు వెలిగించాక స్థిరపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతవరకు రంగు మారుతూనే ఉంటుంది. కరెంటు పోయి వస్తే అవి చల్లారేదాకా మళ్లీ వెలగవు. అవి వెలగగానే సర్దుబాటు మొదలుపెట్టకండి. సోడియం దీపాలు ఉన్న ఆవరణలో రంగుల ఆట అసలు ఆడించకూడదు, ఆ పసుపు వెలుగులో మిగతా రంగులు చాలా తక్కువ. అలాంటి చోటు అయితే నిర్వాహకులతో ముందే మాట్లాడండి.

నియమాలు ఒప్పుకుంటే రోబో మీద సొంత దీపం పెట్టుకోవడం నాకు ఇష్టం. ముప్పై సెంటీమీటర్ల లోపు పనికి బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ వలయం హాలు వెలుతురును చాలావరకు అణిచేస్తుంది. అమెరికాలో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీల్లో జట్లు ఏళ్ల తరబడి ఇదే చేశాయి, కెమెరా చుట్టూ ఆకుపచ్చ దీపాలు పెట్టి, ఎక్స్‌పోజరు బాగా తగ్గించి, మెరిసే టేపును మాత్రమే చూసేవి. 2023 నుంచి అక్కడి మైదానంలో ఏప్రిల్‌ట్యాగ్‌లు అనే నలుపు తెలుపు గుర్తులు వచ్చాయి. రంగు మీద ఆధారం తగ్గించుకునే వీలు మీ పోటీ నియమాల్లో ఉంటే తప్పక వాడుకోండి.

హాలులో వరుస

సాధన కోసం ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే. ఆ సమయంలో కోడు తెరవకూడదు. అంకెలన్నీ ఒక ఫైలులో విడిగా ఉండాలి, హాలులో మారేది ఆ ఫైలు ఒక్కటే. వెళ్లగానే గోడ మీద మినుకుడు చూడండి. 10 మిల్లీసెకన్లు పెట్టి, వెలుగు చోట బంతితో గెయిన్ సర్దండి. అట్టతో వైట్ బ్యాలెన్స్ ఆపండి. తెల్ల కాగితం, ఎర్ర గుడ్డ పరీక్షలు చేయండి. ఆ తర్వాతే ఒక్కో బంతిని వెలుగు చోటా నడిమధ్యా చీకటి మూలా పెట్టి అంకెలు చదివి, వచ్చిన కనిష్ఠ గరిష్ఠాలకు అటూ ఇటూ కొంచెం చేర్చి రేంజి రాయండి. హ్యూకు మూడు, నాలుగు చాలు.

నేను బంతుల కోసం వెతుక్కోకుండా ఒక గట్టి అట్ట వెంట తీసుకెళ్తాను. ఆటలో ఉండే ప్రతి రంగు బంతి సగం ముక్క దాని మీద అంటించి ఉంటుంది, పక్కనే బూడిద అట్ట ముక్క. ఒక్క ఫోటోతో అన్ని అంకెలూ వస్తాయి. అసలు బంతి ముక్కలే అంటించాలి, అదే రంగు కాగితం పనికిరాదు, ప్లాస్టిక్ మెరుపు కాగితానికి ఉండదు. పైకప్పులో ఫైబర్ షీట్లు, పెద్ద కిటికీలు ఉన్న హాలు అయితే ఉదయం సర్దినది మధ్యాహ్నానికి పనికిరాదు. ప్రతి మ్యాచ్ ముందూ ఈ అట్టను ఒకసారి చూపించి ఎక్స్‌పోజరు హద్దు దాటలేదని నిర్ధారించుకోండి. కిటికీ వెలుగూ దీపాల వెలుగూ కలిసే చోట ఏ వైట్ బ్యాలెన్సూ రెండింటికీ సరిపోదు, పరదాలు వేయమని నిర్వాహకులను మర్యాదగా అడగండి. అడిగితే వేస్తారు, అడిగేవాళ్లే తక్కువ.

అభ్యాసం

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది. వరంగల్ ఎన్‌ఐటీలో జరిగే సాంకేతిక ఉత్సవం టెక్నోజియాన్ వంటి చోట్లకు వెళ్లాలనుకునేవారు దీన్ని దాటవేయవద్దు.

మూడు చోట్లు ఎంచుకోండి. రాత్రి ట్యూబులైటు కింద మీ గది ఒకటి. పగటిపూట ఫైబర్ షీటు పైకప్పు లేదా షామియానా ఉన్న చోటు ఒకటి. బడి సభామందిరమో ఫంక్షన్ హాలో, స్టేజీ దీపాలున్న పెద్ద హాలు ఒకటి, అనుమతి అడిగి. ప్రతి చోటా నేల మీద ఒక వరంగల్ దర్రీ పరవండి. ఎరుపు, నీలం, పసుపు చారలున్నది దొరికితే మంచిది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ దర్రీలు మా ఊరివని ఇష్టంతో చెప్పడమే కాదు, మెరుపు లేని నేత మీద రకరకాల ఎరుపు చారలు పక్కపక్కనే ఉండటం మాస్కుకు నిజమైన పరీక్ష. దాని మీద ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ బంతులు రెండేసి పెట్టండి.

గడియారం పెట్టుకుని, ప్రతి చోటా ఐదు నిమిషాల్లో మొత్తం వరుస పూర్తి చేయాలి. కోడు ముట్టకూడదు. పూర్తయ్యాక ఒక మిత్రుడిని తెల్ల చొక్కాతో ఫ్రేములో నిలబడమనండి, ఇంకొకరిని సగం దీపాలు ఆర్పమనండి. మొదటిదానికి మాస్కు చెదరకూడదు. రెండోదానికి బంతి వాల్యూ తగ్గాలి కానీ, మిగిలిన దీపాలు అదే రకానివైతే, హ్యూ రెండు మూడు పాయింట్లకు మించి జరగకూడదు. జరిగితే, ఆర్పక ముందు తీసిన ఫోటోలో ఆ బంతి మీద 255 కోసం వెతకండి. మూడు చోట్ల ఫైళ్లనూ, ప్రతి బంతి వెలుగు చోటి మూడు చానెళ్ల అంకెలనూ నాకు పంపండి. మాస్కు చిత్రాలు మాత్రమే పంపితే నేను ఏమీ చెప్పలేను.

ఏడో పాఠానికి లోపలి మూలలు అడ్డం 9, నిలువు 6 వచ్చే చదరంగం గళ్లు ముద్రించి, వంగని ప్లైవుడ్ ముక్క మీద ముడతలు లేకుండా అంటించి సిద్ధంగా పెట్టుకోండి. ఒక్కో గడి పొడవును స్కేలుతో కొలిచి వెనక రాసుకోండి. ప్రింటరు పెట్టిన కొలతను నమ్మవద్దు.